442 ఏళ్ల బాకీ: మార్జరీ ఫ్రై వేసిన లెక్క

ఎనిమిదో తరగతి పిల్లలకు మేము ఒక లెక్క ఇచ్చాం. బాకీ 11,500 పౌండ్లు. పౌండుకు 20 షిల్లింగులు. వారానికి 10 షిల్లింగుల చొప్పున కడితే ఎన్నేళ్లకు తీరుతుంది? 442 ఏళ్లని వచ్చింది. ఎక్కడో తప్పు చేశామనుకుని పిల్లలు మళ్లీ చేశారు. అదే జవాబు.

ఇది మేము కల్పించిన లెక్క కాదు. 1951లో ఇంగ్లండులో ఒకాయన దాడికి గురై చూపు పోగొట్టుకున్నాడు. ఆయనకు 11,500 పౌండ్ల పరిహారం ఖరారైంది. జైలు నుంచి వచ్చిన ఆ ఇద్దరు నేరస్తులూ తలా 5 షిల్లింగులు వారం వారం కట్టాలన్నారు. కాగితం మీద న్యాయం జరిగింది. బాధితుడి ఇంట్లో పొయ్యి వెలిగే దారి మాత్రం లేదు. ఈ సంగతిని లోకం ముందు పెట్టిన వ్యక్తి మార్జరీ ఫ్రై.

ఆమె 1874లో లండన్‌లో ఒక క్వేకర్ కుటుంబంలో పుట్టారు. తండ్రి సర్ ఎడ్వర్డ్ ఫ్రై న్యాయమూర్తి. అన్న రోజర్ ఫ్రై పేరున్న కళా విమర్శకుడు. ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలలో ఆమె గణితం చదివారు. అప్పట్లో అక్కడ ఆడపిల్లలు చదువుకోవచ్చు గానీ వాళ్లకు పట్టా ఇచ్చేవారు కాదు. ఆ హక్కు 1920లో వచ్చింది. తర్వాత ఆమె అదే కళాశాలలో లైబ్రేరియన్‌గా, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థినుల వసతిగృహం వార్డెన్‌గా పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లి, యుద్ధంలో ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకున్నవాళ్లకు సాయపడ్డారు.

యుద్ధం తర్వాత ఆమె దృష్టి జైళ్ల మీదికి మళ్లింది. హోవర్డ్ లీగ్ అనే సంస్కరణ సంస్థకు కార్యదర్శి అయ్యారు. 1921లో మేజిస్ట్రేటు అయ్యారు. బ్రిటన్‌లో ఆ పదవి అందుకున్న తొలితరం మహిళల్లో ఆమె ఒకరు. మరుసటి ఏడు హోలోవే మహిళా జైలుకు విద్యా సలహాదారు. 1926లో తాను చదివిన సోమర్‌విల్‌కే ప్రిన్సిపాల్. మరణశిక్ష వద్దని ఏళ్ల తరబడి వాదించారు.

ఇన్నేళ్లు ఖైదీల మేలు కోరిన మనిషి బాధితుల గురించి ఆలోచించడం వింతేమీ కాదు. నేరం చేసినవాడే నష్టం కట్టాలని ఆమె మొదట అనుకున్నారు. కానీ చాలామంది నేరస్తుల దగ్గర డబ్బుండదు, కొందరు అసలు దొరకరు. కాబట్టి ప్రభుత్వమే ఆదుకోవాలని 1957లో అబ్జర్వర్ పత్రికలో రాశారు. ఫ్యాక్టరీలో చెయ్యి తెగిన కార్మికుడిని అందరూ కట్టే బీమా ఆదుకుంటున్నప్పుడు, వీధిలో కత్తిపోటు తిన్నవాడిని ఎందుకు ఆదుకోకూడదన్నది ఆమె వాదన. మరుసటి ఏడే ఆమె కన్నుమూశారు. 1963లో న్యూజిలాండ్ చట్టం చేసింది. 1964లో బ్రిటన్‌లో పథకం మొదలైంది.

మన దేశానికి ఆ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. 2008లో సీఆర్పీసీని సవరించి 357ఏ సెక్షన్ చేర్చారు. ఇప్పుడది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 396వ సెక్షన్. దీని ప్రకారం ప్రతి రాష్ట్రానికీ బాధితుల పరిహార పథకం ఉండాలి. నేరస్తుడు ఎవరో తెలియకపోయినా, దొరక్కపోయినా బాధితులు గానీ వారి మీద ఆధారపడ్డవారు గానీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అర్జీ అందాక రెండు నెలల్లో విచారణ ముగించాలి. పిల్లలపై లైంగిక నేరాల కేసుల్లో తీర్పు రాకముందే మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది.

మనలో చాలామందికి ఈ హక్కు సంగతే తెలియదు. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో అయినచోట, అర్జీ ఎలా రాయాలో తెలియక వెనక్కి తగ్గేవాళ్లుంటారు. ఆ సంస్థలో స్త్రీలకు, పిల్లలకు న్యాయ సహాయం ఉచితం. అడగడానికి మొహమాటపడే తల్లి వెంట ఆ గుమ్మం దాకా వెళ్లడం మన ఉపాధ్యాయులు చేయగల పనే. మా పిల్లలు మాత్రం ఆ లెక్కను ఇంకా మరిచిపోలేదు. 442 ఏళ్లు ఎవరు బతుకుతారు మాస్టారూ అని అడుగుతూనే ఉన్నారు.