మౌనం సమ్యక్ వాక్కు కాదు: జె. ఈశ్వరీబాయి గారి జీవితం



ధమ్మ బంధువులారా, అష్టాంగ మార్గంలో మూడోది సమ్యక్ వాక్కు. అబద్ధం ఆడొద్దు, చాడీలు చెప్పొద్దు, పరుషంగా మాట్లాడొద్దు, పొల్లు మాటలు వద్దు. విహారంలో ఎన్నోసార్లు చెప్పుకున్నదే. కానీ మనలో కొందరు దీన్ని ఇంకోలా తీసుకుంటున్నారు. మనవాళ్ల మీద దాడి జరిగినా, బౌద్ధులం కదా, మనకెందుకీ గొడవ అని ఊరుకుంటున్నారు. అలాంటప్పుడు ఈశ్వరీబాయి గారిని గుర్తు చేసుకోవాలి.

ఆమె 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్ చిలకలగూడలో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి బల్లెపు బలరామస్వామి రైల్వే ఉద్యోగి, తల్లి రాములమ్మ. అప్పటికే జంటనగరాల్లో భాగ్యరెడ్డి వర్మ గారు మన పిల్లలకు బడులు నడుపుతూ, బుద్ధ జయంతి జరుపుతున్నారు. మనవాళ్లు తలెత్తడం మొదలైన కాలం అది. ఆమె కూడా బడికి వెళ్లి చదువుకున్నారు. అయితే చిన్న వయసులోనే పెళ్లి చేశారు. అత్తవారిది పూణే. తర్వాత సికింద్రాబాద్ తిరిగొచ్చి, టీచరు ఉద్యోగం చేస్తూ, ట్యూషన్లు చెబుతూ సొంత కాళ్ల మీద నిలబడ్డారు. కూతురు గీతను డాక్టరు చదివించారు. ఆ గీతారెడ్డి గారే తర్వాత రాష్ట్ర మంత్రి అయ్యారు.

1950ల మొదట్లో చిలకలగూడ నుంచి కౌన్సిలర్‌గా గెలిచారు. అడిగినవి పెద్ద పెద్ద విషయాలేం కాదు. గుడిసెవాసులకు నీళ్లు, దీపాలు, ఇళ్లు. బాబాసాహెబ్ పోయిన తర్వాత 1957లో రిపబ్లికన్ పార్టీ ఏర్పడింది. అధికారం ఉన్న పార్టీ వైపు చాలామంది వెళ్లిపోతున్న రోజుల్లో ఈమె ఈ పార్టీలో నిలబడి, రాష్ట్ర నాయకురాలయ్యారు. 1967లో నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి నుంచి శాసనసభకు వెళ్లారు.

మరుసటి ఏడాదే పరీక్ష వచ్చింది. 1968 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో దొంగతనం నెపం వేసి, కోటేశు అనే మన యువకుణ్ణి కట్టేసి, కిరోసిన్ పోసి సజీవంగా తగలబెట్టారు. ఈశ్వరీబాయి గారు ఆ దారుణాన్ని అసెంబ్లీలో నిలదీశారు. ఆ రోజుల్లోనే ఒక మంత్రి మనవాళ్లను తన్నాల్సిందే అన్న అర్థంలో మాట్లాడితే దేశమంతా గగ్గోలు పుట్టింది. నిండు సభలో ఆమె చెప్పు తీసి చూపించారని పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

మరి ఇది పరుష వాక్కు కాదా? మన యువకులు అడిగే ప్రశ్నే ఇది. చెప్పు చూపించడమే ధమ్మం అని నేను అనను. కోపం మంచిదనీ అనను. కానీ అభయ రాజకుమార సుత్తం గుర్తు చేసుకోండి. పసిబిడ్డ గొంతులో రాయి ఇరుక్కుంటే, రక్తం వచ్చినా సరే వేలు పెట్టి తీసేస్తాం. అది బిడ్డ మీద కరుణే. అలాగే నిజమైనదీ, మేలు చేసేదీ అయిన మాట ఎదుటివాళ్లకు నచ్చకపోయినా, తగిన సమయం చూసి బుద్ధుడు చెబుతాడు. అంత చేదు నిజం చెప్పాల్సిన సమయంలో ఆ సభలో ఎంతమంది నోరు విప్పారు? చెప్పు సంగతి పక్కన పెట్టినా, కోటేశు తరఫున పలికిన ఆ గొంతు మాత్రం కరుణ నుంచి వచ్చిందే.

1969 తెలంగాణ ఉద్యమంలో ఆమె జైలుకెళ్లారు. 1972లో ఎల్లారెడ్డి ప్రజలు మళ్లీ గెలిపించారు. మహిళా శిశు సంక్షేమం కోసం, ఆడపిల్లల చదువు కోసం పనిచేశారు. 1991 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

బంధువులారా, ఏటా ఆ రోజు విహారంలో దీపం పెట్టి, ఆమె కథతో పాటు కోటేశు కథ కూడా పిల్లలకు చెప్పండి. ఊళ్లో అన్యాయం జరిగితే నలుగురూ కలిసి బాధితుల ఇంటికి వెళ్లండి, వాళ్లతో పాటు స్టేషనుకు వెళ్లండి. తిట్టొద్దు, అబద్ధం కలపొద్దు. నిజం మాత్రం గట్టిగా చెప్పండి. సమ్యక్ వాక్కు అంటే అదే.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!