బురద నేలలో మిల్లు.. జంషెడ్‌జీ అసలు పరీక్ష

గ్రూప్ డిస్కషన్‌కి కూర్చున్నప్పుడు గమనించండి. స్ట్రాటజీ గురించి అందరూ మాట్లాడతారు. మార్కెట్ ఎంతుంది, పోటీ ఎవరు, మన ప్రత్యేకత ఏంటి.. గడగడా చెప్పేస్తారు. సరే, సోమవారం పొద్దున్నే ఈ పని ఎవరితో, ఎక్కడ, ఏ డబ్బుతో మొదలుపెడతారని అడిగితే మాత్రం గదిలో చప్పుడుండదు. ఆ ప్రశ్నకి జవాబు వెతకడంలోనే జీవితమంతా గడిపిన మనిషి జంషెడ్‌జీ టాటా.

ఆయన పేరు చెప్పగానే ఉక్కు, ఐఐఎస్‌సీ గుర్తొస్తాయి. నిజానికి ఆ రెండూ ఆయన కళ్లతో చూడనే లేదు. 1904లో ఆయన చనిపోయేనాటికి ఉక్కు ఫ్యాక్టరీకి స్థలం కూడా ఖాయం కాలేదు. ఆయన పనితనం తెలియాలంటే నాగ్‌పూర్ వెళ్లాలి. అక్కడి బట్టల మిల్లు కథ మన కేస్ స్టడీల్లో పెద్దగా కనిపించదు. ఎందుకో నాకు అర్థం కాదు.

1839లో గుజరాత్‌లోని నవసారిలో పార్శీ పూజారుల కుటుంబంలో పుట్టారు జంషెడ్‌జీ. 1858లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదువు పూర్తిచేసి తండ్రి నసర్వాన్‌జీ వ్యాపారంలో చేరారు. కొన్నాళ్లు హాంకాంగ్‌లో పనిచేశారు. అప్పుడే అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఆగిపోవడంతో మన పత్తికి గిరాకీ పెరిగి, బొంబాయిలో డబ్బు వరదలా పారింది. అది చూసి నిన్నమొన్న వ్యాపారం మొదలుపెట్టినవాళ్లూ షేర్లలో దూకారు. 1865లో యుద్ధం ముగిసింది, పత్తి ధర కుప్పకూలింది. సరిగ్గా ఆ సమయంలో జంషెడ్‌జీ లండన్‌లో ఉన్నారు. ఆయన చేతిలోని హుండీలు చిత్తుకాగితాలైపోయాయి.

వయసు పాతికేళ్లు దాటి ఎంతో కాలేదు. పరాయి దేశం, చుట్టూ అప్పులవాళ్లు. ఆయన ఏదీ దాచలేదు, లెక్కలన్నీ వాళ్ల ముందే పరిచారు. చివరికి అప్పులిచ్చినవాళ్లే ఆయన్ని నమ్మి, కంపెనీ లెక్కలు తేల్చి మూసే బాధ్యత ఆయనకే అప్పగించారు. నెలకి 20 పౌండ్ల జీతం కూడా ఇచ్చారు. దివాలా తీసిన కంపెనీలో ఉద్యోగం! రెజ్యూమెలో రాసుకోవడానికి మనమైతే సిగ్గుపడతాం.

తిరిగొచ్చాక 1868లో 21 వేల రూపాయల పెట్టుబడితో సొంత సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది చించ్‌పోక్లీలో మూతబడ్డ నూనె మిల్లు కొని, దాన్ని పత్తి మిల్లుగా మార్చి, రెండేళ్లు నడిపి లాభానికి అమ్మేశారు. తర్వాత ఇంగ్లండ్‌లోని లాంకషైర్ వెళ్లి, బట్టల పరిశ్రమ ఎలా నడుస్తుందో దగ్గరుండి చూశారు. అసలు ప్లాన్ తయారైంది ఆ తర్వాతే.

ఎక్కడ కట్టాలి?

అప్పట్లో మిల్లంటే బొంబాయే. డబ్బు, ఓడరేవు, యంత్రాలు, మనుషులు అన్నీ అక్కడే. జంషెడ్‌జీ లెక్క వేరు. పత్తి పండేది విదర్భ వైపు. దాన్ని బొంబాయికి మోసి, నేసిన బట్టని మళ్లీ లోపలి ఊళ్లకు మోయడం దేనికి? పత్తి చేలు, రైలు, బొగ్గు, నీళ్లు దగ్గరగా ఉన్న ఊరు కావాలనుకున్నారు. చాలాచోట్ల చూసి నాగ్‌పూర్ ఎంచుకున్నారు. అక్కడికి అప్పటికే రైలు వచ్చేసింది. వరోరా బొగ్గు కూడా మరీ దూరం కాదు.

1874లో 15 లక్షల రూపాయల మూలధనంతో కంపెనీ రిజిస్టర్ అయింది. బొంబాయి షావుకార్లకు ఈ ఆలోచన నచ్చలేదు. పైగా కొన్న నేల బురద నేల, దాన్ని మట్టితో నింపితే తప్ప పునాది నిలవదు. ఒక మార్వాడీ షావుకారు, నేలలో బంగారం పోసి పూడ్చేవాడికి అప్పివ్వనని వెనక్కి పంపాడట. చాన్నాళ్లకు అదే షావుకారు, ఈయన పోసింది మట్టి, తీసింది బంగారం అని ఒప్పుకున్నాడని చెప్పుకుంటారు.

1877 జనవరి 1న మిల్లు మొదలైంది. అదే రోజు విక్టోరియాని భారత చక్రవర్తినిగా ప్రకటించారు కాబట్టి ఎంప్రెస్ మిల్లు అని పేరు పెట్టారు. సుమారు 30 వేల కదుళ్లు, 450 మగ్గాలు. అట్టహాసం బాగానే ఉంది కానీ తొలి రోజుల్లో మిల్లు బాగా నడవలేదు. కొన్న యంత్రాలు నాసిరకం. నూలు తెగేది, ఉత్పత్తి తక్కువ వచ్చేది, షేరు ధర కిందికి జారింది. షావుకారు మాటే నిజమైందని నవ్వుకున్నవాళ్లూ ఉండే ఉంటారు.

ఇక్కడ జంషెడ్‌జీ ప్లాన్ మార్చలేదు. నాగ్‌పూర్ ఎంపిక సరైందే, యంత్రాలు సరైనవి కావు అని విడదీసి చూశారు. చెప్పడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది. చేతిలో డబ్బు కరిగిపోతుంటే తప్పు ఐడియాలో ఉందా, అమలులో ఉందా అని తేల్చుకోవడం చాలా కష్టం. ఆయన నాసి యంత్రాలు తీసేసి మంచివి తెప్పించారు.

మనుషుల ఎంపిక ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మిల్లు మేనేజర్‌గా తెచ్చుకున్న బెజోంజీ దాదాభాయ్ మెహతాకి బట్టల పరిశ్రమ గురించి ఏమీ తెలియదు. ఆయన రైల్వేలో సరుకు రవాణా చూసే మనిషి. పక్కన సాంకేతిక నిపుణుడిగా జేమ్స్ బ్రూక్స్‌బీ అనే ఇంగ్లిష్ ఇంజినీర్. ఒకరికి మనుషుల్ని, సరుకుని సమయానికి కదిలించడం తెలుసు. ఇంకొకరికి యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలుసు. కోర్ బ్రాంచి కాదని మనల్ని పక్కనపెట్టే కంపెనీలు ఈ జోడీని ఒకసారి గుర్తు చేసుకోవాలి! వీళ్లతో పాటు డిగ్రీ పాసైన కుర్రాళ్లని అప్రెంటిస్‌లుగా తీసుకుని మిల్లులోనే తయారుచేశారు.

రింగ్ స్పిండిల్ సంగతి చెప్పకపోతే ఇంజినీర్‌గా నాకు మనసొప్పదు. నూలు వడికే ఈ కొత్త పద్ధతి అమెరికాలో పుట్టింది. పాత పద్ధతిలో కోట్లు సంపాదించిన లాంకషైర్ దాని జోలికి వెళ్లడానికి ఇష్టపడలేదు. జంషెడ్‌జీ ఎవరి అభిప్రాయమూ అడగలేదు. కొన్ని తెప్పించి, పాతవాటి పక్కనే నడిపి, ఎంత నూలు వస్తోందో లెక్క చూశారు. కొత్తవి గెలిచాయి. తను ఎప్పుడూ కొనే ఇంగ్లండ్ కంపెనీ వాటి తయారీకి వెనకాడితే ఇంకో కంపెనీ దగ్గరికి వెళ్లారు. 1880ల్లోనే ఎంప్రెస్ మిల్లు వాటి మీద నడిచింది. ఇంగ్లండ్‌లో మిల్లులు ఇంకా తటపటాయిస్తున్న సమయం అది.

కార్మికుల హాజరు ఇంకో తలనొప్పి. ఊళ్లోవాళ్లకి ఫ్యాక్టరీ గంట అలవాటు లేదు. రోజూ ఐదో వంతు మంది రాకపోవడం మామూలే, పండగలొస్తే ఇంకా ఎక్కువ. అందరూ చేసే పని జరిమానా వేయడం. జంషెడ్‌జీ క్రమం తప్పక వచ్చినవాళ్లకి బహుమతులు పెట్టారు. ఏటా సభ పెట్టి అందరి ముందూ బట్టలు, గడియారాలు, నగదు ఇచ్చేవారు. 1886లో పెన్షన్ నిధి, 1895లో ప్రమాదాలకి పరిహారం వచ్చాయి. చట్టాలు ఇవేవీ అడగని కాలం అది. లోపల దుమ్ము, వేడి తగ్గించే ఏర్పాట్లు, మంటలార్పే స్ప్రింక్లర్లు కూడా పెట్టించారు. ఇది దయ మాత్రమే కాదు, మనిషి రాకపోతే మగ్గం ఆగిపోతుందన్న లెక్క కూడా అని నా అభిప్రాయం. రెండూ కలిసి ఉంటే తప్పేముంది?

ఉన్నదంతా పందెం

మిల్లు లాభాల్లో పడ్డాక హాయిగా కూర్చోవచ్చు. 1886లో ఆయన బొంబాయి దగ్గర కుర్లాలో ధరంసీ మిల్లు కొన్నారు. యాభై లక్షలకు పైగా ఖర్చుపెట్టి కట్టిన మిల్లు వేలంలో పన్నెండున్నర లక్షలకే వచ్చింది. దానికి స్వదేశీ మిల్లు అని పేరు పెట్టారు. బేరం అద్భుతం, లోపలి సరుకు దారుణం. యంత్రాల్లో చాలాభాగం పాతసామానుకే పనికొస్తాయి. కార్మికులు దొరకలేదు. తయారైన నూలుకి మార్కెట్లో చెడ్డపేరొచ్చింది. షేరు ధర పడిపోయింది, బ్యాంకులు చెయ్యివ్వలేదు. టాటాల పేరే పోతుందన్న స్థితి.

ఆయన కుటుంబం కోసం రాసిపెట్టిన ట్రస్టు సొమ్ముని బయటికి తీశారు. ఎంప్రెస్ షేర్లు కొన్ని అమ్మారు. నాగ్‌పూర్ నుంచి అనుభవమున్న మనుషుల్ని కుర్లాకి దింపారు. నిలబడటానికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాత స్వదేశీ నూలుకి తూర్పు దేశాల్లో మంచి ధర పలికింది. పిల్లల కోసం దాచిన డబ్బు పెట్టడం సరైన నిర్ణయమేనా అంటే నేనైతే అవునని చెప్పలేను. గెలిచారు కాబట్టి ధైర్యం అంటున్నాం.

గెలవని సందర్భమూ ఉంది. చైనా, జపాన్‌లకి నూలు పంపడానికి పీ అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీ భారీ రేట్లు వేసేది. 1893లో జంషెడ్‌జీ స్వయంగా జపాన్ వెళ్లి, అక్కడి ఓడల సంస్థతో ఒప్పందం చేసుకుని టాటా లైన్ మొదలుపెట్టారు. ప్లాన్‌లో లోపం లేదు. కానీ పీ అండ్ ఓ టన్నుకి 19 రూపాయలుండే రేటుని రెండు రూపాయల లోపుకి దించేసింది. మద్దతిస్తామన్న వర్తకులు చౌక దొరికిందని అటు వెళ్లిపోయారు. కొద్దికాలానికే టాటా లైన్ మూతబడింది. మిల్లులో అన్నీ ఆయన చేతిలో ఉన్నవే. ఇక్కడ గెలుపు ఎవరెవరో వర్తకుల మాట మీద ఆధారపడింది.

ఉక్కు గురించి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1882లో చాందా జిల్లా ఇనుము, వరోరా బొగ్గు మీద ఒక జర్మన్ నిపుణుడి నివేదిక చదివారు. పరీక్షిస్తే ఆ బొగ్గు పనికిరాలేదు. పైగా గనుల నియమాలు కఠినం. ఫైలు మూసేశారు కానీ పారేయలేదు. 1899లో నియమాలు సడలగానే మళ్లీ తెరిచారు. 1902లో, 63 ఏళ్ల వయసులో, అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్ ఫర్నేసులు చూశారు. ఇంజినీర్ చార్లెస్ పేజ్ పెరిన్‌ని ఒప్పించారు. ఫ్యాక్టరీ ఎక్కడో తేలకముందే, కార్మికుల ఊళ్లో వీధులు వెడల్పుగా ఉండాలని, నీడనిచ్చే చెట్లు నాటాలని, ఆటస్థలాలు, గుడి, మసీదు, చర్చిలకు చోటు వదలాలని కొడుకు దోరాబ్‌జీకి ఉత్తరం రాశారు.

1904 మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో ఆయన కన్నుమూశారు. దోరాబ్‌జీ, పెరిన్ బృందం ఖనిజం కోసం అడవుల్లో తిరుగుతూనే ఉన్నారు. చివరికి మయూర్‌భంజ్ కొండల్లో ఇనుము, సాక్చి అనే పల్లె దగ్గర స్థలం దొరికాయి. 1907లో షేర్లు అమ్మకానికి పెడితే మూడు వారాల్లో సుమారు 8 వేల మంది భారతీయులు డబ్బు తెచ్చి పోశారు. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. 1919లో సాక్చి పేరు జంషెడ్‌పూర్ అయింది.