ఫలక్‌నుమా కట్టించిన నవాబు: సొంత ఇంటిని అతిథికి అప్పగించిన వికారుల్ ఉమ్రా

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, ఎత్తైన గుట్టపై ఫలక్‌నుమా ప్యాలెస్ ఉంది. ఇప్పుడది హోటల్. బసకు వచ్చినవారు దిగువ ద్వారం వద్ద కారు దిగి గుర్రపు బగ్గీ ఎక్కుతారు. పైకి చేరాక గులాబీ రేకులు చల్లి లోపలికి తోడ్కొని వెళతారు. గదులు, సూట్లు కలిపి 60 వరకు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే ఖరీదైన సూట్ ఒకప్పుడు నిజాం వాడుకున్న భాగమని చెబుతారు. అతిథులు వినే కథలో కూడా పెద్ద వాటా నిజాందే. అయితే గోడలపైనా, పైకప్పులపైనా, పాత సామగ్రిపైనా అల్లికగా కనిపించే 'వి', 'ఓ' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు నిజాం పేరులోవి కావు. అవి ఈ ఇంటిని తన కోసం కట్టించుకుని, నిండా పదేళ్లయినా ఉండలేకపోయిన నవాబు వికారుల్ ఉమ్రా పేరులోని పొడి అక్షరాలు.

ఆయన అసలు పేరు మహమ్మద్ ఫజ్లుద్దీన్ ఖాన్. 1856లో హైదరాబాద్ సంస్థానంలోని పైగా వంశంలో జన్మించారు. తెలుగు చెవికి 'పైగా' అంటే అంతేకాక అనే అర్థమే ముందు తోస్తుంది గానీ, ఈ పేరుకూ దానికీ సంబంధం లేదు. ఇది పారసీకం నుంచి వచ్చిన మాట. 18వ శతాబ్దంలో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో ఈ వంశం ప్రాభవంలోకి వచ్చింది. నిజాం ఆంతరంగిక సైన్యాన్ని పోషించడం వారి బాధ్యత, అందుకు ప్రతిగా లభించినవి విస్తారమైన జాగీర్లు. నిజాం కుటుంబపు ఆడపడుచులను పెళ్లాడే గౌరవం తరతరాలుగా వారికి దక్కింది. సంస్థానంలో నిజాం తరువాతి స్థానం తమదేనన్న భావన ఆ ఇళ్లలో సహజంగానే ఉండేది.

తండ్రి రషీదుద్దీన్ ఖాన్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బాల్యంలో మొదటి సాలార్ జంగ్‌తో కలిసి సంస్థాన వ్యవహారాలను చూసిన సహ పాలకుడు. 1881లో ఆయన మరణించారు. పైగా ఆస్తి మూడు శాఖలుగా విడిపోయింది. ఒకటి దాయాది ఆస్మాన్ జాది, రెండవది అన్న ఖుర్షీద్ జాది, మూడవది వికారుల్ ఉమ్రాది. ముగ్గురూ సంపన్నులు, ముగ్గురికీ నిర్మాణాలపై మోజు. ఖుర్షీద్ జా దేవిడీలో గ్రీకు ఆలయాలను తలపించే స్తంభాలు నిలిచాయి. ఆస్మాన్ జా బషీర్‌బాగ్‌లో ప్యాలెస్‌ను, నగరానికి తూర్పున గుట్టపై ఆస్మాన్‌గఢ్‌ను కట్టించారు. ఈ పోటీని పక్కన పెడితే ఫలక్‌నుమా ఒక్క మనిషి విలాసంగానే కనిపిస్తుంది. నిజానికి అది ముగ్గురు దాయాదులు ఇటుకతో, సున్నంతో, పాలరాతితో సాగించిన సంభాషణలో చివరి మాట.

వికారుల్ ఉమ్రా భార్య జహందారున్నిసా బేగం అయిదో నిజాం కుమార్తె, అంటే మహబూబ్ అలీ ఖాన్‌కు సోదరి. ఆ విధంగా యువ నిజాంకు ఆయన బావ. తరువాతి కథ అర్థం కావాలంటే ఈ చుట్టరికాన్ని గుర్తుంచుకోవాలి.

1884 ఫిబ్రవరిలో మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు అప్పగించడానికి వైస్రాయ్ రిప్పన్ హైదరాబాద్ వచ్చారు. ఆ మరుసటి నెల, మార్చి 3న, ఫలక్‌నుమాకు శంకుస్థాపన జరిగింది. నమూనా గీసినవారు విలియం వార్డ్ మారెట్ అనే వాస్తుశిల్పి. పని పూర్తి కావడానికి సుమారు 9 ఏళ్లు పట్టింది. స్థలం 32 ఎకరాలు, రాయి ఇటలీ నుంచి తెప్పించిన పాలరాయి. ముందుభాగంలో యూరప్ శైలి స్తంభాలు, వెనుక అంతఃపుర భాగంలో దేశీయ తీరు కమానులు, ఆవరణలు. పైనుంచి చూస్తే భవనం తేలు ఆకారంలో ఉంటుందని, ఉత్తరానికి చాచిన రెండు పక్షాలు దాని కొండ్లని చెబుతారు. 'ఫలక్' అంటే ఆకాశం, 'నుమా' అంటే చూపేది, పోలినది. ఆకాశ దర్పణం అనే అనువాదం ప్రచారంలో ఉంది గానీ, ఆకాశాన్ని తలపించేది అనడమే మూలానికి దగ్గర.

లోపలికి అడుగుపెట్టగానే పాలరాతి ఫౌంటెన్, చిత్రాలతో నిండిన పైకప్పు. అక్కడి నుంచి పైకి సాగే పాలరాతి మెట్లకు ఇరువైపులా దీపాలు పట్టుకున్న శిల్పాలు, గోడలకు బ్రిటిష్ గవర్నర్ జనరళ్ల చిత్తరువులు. గ్రంథాలయం పైకప్పు ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోట గ్రంథాలయాన్ని పోలిన చెక్కడం. భోజనశాలలో 101 మంది ఒకేసారి కూర్చునే పొడవాటి బల్ల. వెనిస్ దీపగుచ్ఛాలు, నాట్యశాలలో భారీ ఆర్గన్, బిలియర్డ్స్ గది, తరువాత కాలంలో చేరిన విద్యుత్ దీపాలు, టెలిఫోన్ వ్యవస్థ. ఈ వస్తువుల జాబితా ఒక విషయాన్ని స్పష్టంగా చెబుతుంది. ఇది కుటుంబం నివసించడానికి మాత్రమే తలపెట్టిన ఇల్లు కాదు, అతిథుల కోసం ఊహించిన ఇల్లు. నూరు మంది వస్తారన్న నమ్మకం లేకపోతే నూరు మందికి బల్ల ఎవరు చేయిస్తారు?

నిర్మాణానికి దాదాపు 40 లక్షల రూపాయలు ఖర్చయినట్లు వాడుకలో ఉన్న లెక్క. ఆ రోజుల్లో పెద్ద జాగీర్దారుకైనా అది మోయలేని భారం. వికారుల్ ఉమ్రా అప్పుల్లో పడ్డారు. ఆ అప్పు వెనుక మరొక లెక్క ఉంది, అది హోటల్ పర్యటనలో వినిపించదు. జాగీరు రాబడి అంటే పొలం నుంచి వచ్చే శిస్తు. ఇటలీ పాలరాతికి, వెనిస్ గాజుకు చెల్లించిన ప్రతి రూపాయీ చివరికి సంస్థానంలోని జాగీరు గ్రామాల రైతు గాదె నుంచి వెళ్లినదే. గుట్ట మీది దీపాల వెలుగు గురించి రాసినవారు అనేకులు. ఆ గ్రామాల గురించి రాసినవారు అరుదు.

1890ల తొలి సగంలో ఆస్మాన్ జా ప్రధానమంత్రి పదవి నుంచి తప్పుకోగా, ఆ బాధ్యత వికారుల్ ఉమ్రాకు వచ్చింది. 1901 వరకు ఆయన సంస్థాన ప్రధాని. తేలికైన కాలం కాదది. 1896-97లోనూ, మళ్లీ 1899-1900లోనూ దక్కన్‌ను కరవు పీడించింది. ఒకవైపు బ్రిటిష్ రెసిడెంట్ ఒత్తిడి, మరోవైపు దర్బారులోని వర్గాలు, నడుమ ఖజానా ఇబ్బందులు. సంస్థాన పద్దులను సరిదిద్దవలసిన స్థానంలో ఉన్న వ్యక్తి తన ఇంటి పద్దునే సరిదిద్దుకోలేకపోవడం ఆనాటి దర్బారులో గుసగుసలకు తావిచ్చి ఉంటుంది.

ఆ చిక్కుముడి విడిన తీరే ఈ జీవితంలో ప్రధాన ఘట్టం. 1897 ప్రాంతంలో వికారుల్ ఉమ్రా తన బావమరిది అయిన నిజాంను ఫలక్‌నుమాకు ఆహ్వానించారు. వచ్చిన అతిథి ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోలేదు. ఇంటిపై నిజాంకు మనసు పడిందని గ్రహించిన ఆతిథేయి, భవనాన్ని నజరానాగా స్వీకరించమని కోరారు. నిజాం స్వీకరించి, ప్రతిగా సొమ్ము ముట్టజెప్పారు. ఈ ఉపాయం జహందారున్నిసా బేగందేనని, అప్పుల నుంచి బయటపడటానికి ఇదే దారి అని ఆమె భర్తకు సలహా ఇచ్చారని నగరంలో తరతరాలుగా చెప్పుకుంటారు.

నజరు పద్ధతి తెలియనివారికి ఇది వింతగా తోస్తుంది. దర్బారులో అమీరు రుమాలుపై బంగారు నాణెం ఉంచి ప్రభువు ముందు వంగి చాచాలి. ప్రభువు దాన్ని తీసుకోవచ్చు, తాకి వదిలేయనూ వచ్చు. ఇవ్వడం విధేయతకు గుర్తు, తీసుకోవడం అనుగ్రహానికి గుర్తు. ఈ భాషలో కొనుగోలు, అమ్మకం, అప్పు అనే మాటలకు చోటు లేదు. ఫలక్‌నుమా చేతులు మారినప్పుడు జరిగినది వ్యవహారంలో అమ్మకమే, మర్యాదలో మాత్రం కానుక. అమ్మకం అని అని ఉంటే సంస్థాన ప్రధాని దివాలా అంచున ఉన్నాడని ఊరంతా తెలిసేది, నిజాం సోదరి ఇల్లు వేలానికి వచ్చిందన్న అపవాదు మిగిలేది. కానుక అనడంతో ఇచ్చినవాడి తల వంగలేదు, పుచ్చుకున్నవాడి చేయి దిగలేదు. బేగం సలహా కథ అక్షరాలా నిజమైనా కాకపోయినా, ఇద్దరి గౌరవాన్నీ ఏకకాలంలో కాపాడగల స్థానంలో ఉన్నది ఆమె ఒక్కరే. ఒకరికి భార్య, మరొకరికి సోదరి.

వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా విడిచి బేగంపేట వైపు తరలారు. అక్కడ మరొక భవనం కట్టించుకున్నారు. అదే ఇప్పటి పైగా ప్యాలెస్. ఇల్లు పోయినా నిర్మాణ వ్యామోహం పోలేదనడానికి ఆ పరిసరాల్లోనే ఆయన తలపెట్టిన మసీదు మరో సాక్ష్యం. స్పెయిన్‌లోని కోర్డోబా మసీదును తలపించే కమానులు, గుమ్మటాలకు బదులుగా సూదిమొనల శిఖరాలు ఉండటం వల్ల దానికి స్పానిష్ మసీదు అనే పేరు స్థిరపడింది. అది 1906లో పూర్తయింది. అప్పటికి ఆయన లేరు. 1901లో ప్రధాని పదవి మహారాజా కిషన్ పర్షాద్‌కు దక్కింది. మరుసటి ఏడాదే, ఇంకా 50 ఏళ్లు నిండకుండానే, వికారుల్ ఉమ్రా కన్నుమూశారు. సంతోష్‌నగర్ సమీపంలోని పైగా సమాధుల ఆవరణలో, సున్నపు పనితనానికి, జాలీ గవాక్షాలకు పేరుగాంచిన ఆ తెల్లని మంటపాల మధ్య, వంశంలోని ఇతరుల చెంత ఆయన సమాధి ఉంది.

ఇక ఫలక్‌నుమా, కట్టించినవాడు ఊహించినట్లే, అతిథుల ఇల్లయింది. 1906లో వేల్స్ యువరాజు హోదాలో వచ్చిన అయిదో జార్జి, 1922లో అదే హోదాలో ఆయన కుమారుడు ఎడ్వర్డ్ ఇక్కడ బస చేశారు. ఇంటిని ముచ్చటపడి పుచ్చుకున్న మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న ఈ భవనంలోనే తుదిశ్వాస విడిచారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలోనే నివసించారు. గుట్టపై ఇల్లు రాజ అతిథులు వచ్చినప్పుడే తెరుచుకునేది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన తరువాత తలుపులు దాదాపుగా మూతపడ్డాయి. పాలరాతిపై దుమ్ము పేరుకుంది, తెరలు చివికాయి. ముకర్రం జా తరఫున యువరాణి ఎస్రా పర్యవేక్షణలో తాజ్ సంస్థ దాదాపు పదేళ్లు మరమ్మతులు జరిపి, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచింది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భంగా ప్రధాని నరేంద్ర మోదీ, ఇవాంకా ట్రంప్ తదితరులకు విందు జరిగింది ఆ 101 మంది బల్ల వద్దనే.

ఇల్లు చేజారినా పేరు ఒకచోట నిలిచింది. హైదరాబాద్‌కు పశ్చిమాన ఉన్న వికారాబాద్ పట్టణం ఆయన పేరు మీద ఏర్పడినదే. ఇప్పుడది జిల్లా కేంద్రం. ఈ పేరులోని మొదటి భాగాన్ని తెలుగువారు వికారంతో ముడిపెట్టి నవ్వుకోవడం కద్దు. మూలంలోని 'వికార్' అరబ్బీ నుంచి ఉర్దూకు వచ్చిన మాట, దానికి అర్థం హుందాతనం. వికారుల్ ఉమ్రా అంటే అమీరులలో హుందా అయినవాడు.

బేగంపేటలోని ఆయన రెండో ఇల్లు చాలాకాలం హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ కార్యాలయంగా ఉండి, 2008లో అమెరికా కాన్సులేట్‌కు నెలవైంది. వీసా కోసం బయట బారులు తీరిన తెలుగు విద్యార్థుల్లో ఆ భవనం ఎవరిదో తెలిసినవారు కొద్దిమందే. 2023లో కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనానికి తరలిపోయింది.