డాలర్ నోటు మీద బిగుసుకున్న పెదవులు

మనామాలో డాలర్ అధికారిక ధర తెలుసుకోవడానికి బోర్డు చూడనక్కర్లేదు. ఎన్నేళ్లయినా అదే 376 ఫిల్సులు. కానీ ఒక డాలర్ నోటు చేతికొచ్చినప్పుడు దాని మీద బొమ్మను మాత్రం ఒకసారి తీరిగ్గా చూడండి. పెదవులు గట్టిగా బిగించి, ఏదో నోట్లో పెట్టుకుని దాచినట్టు ఉంటాడాయన. నిజంగానే దాచాడు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ నోట్లో అప్పుడున్నవి కట్టుడు పళ్లు.

ఈయన గురించి చదవాలనిపించింది మా అత్తయ్యగారి వల్ల. పోయిన చలికాలం మా దగ్గరికి వచ్చినప్పుడు ఆమెకి కొత్త పళ్ల సెట్టు ఉంది. గుడికి వెళ్లినా, ఫొటో దిగినా పెట్టుకునేవారు. కంచం ముందు కూర్చోగానే తీసి గిన్నెలో వేసి, మజ్జిగన్నం పిసుక్కుని తినేవారు. పళ్లేమో ముత్యాల్లా ఉన్నాయి, ముద్ద మాత్రం నమలలేరు. వాషింగ్టన్ జీవితమంతా ఇదే కథ.

ఆయన 1732 ఫిబ్రవరి 22న వర్జీనియాలో పుట్టాడు. 11 ఏళ్లకే తండ్రి పోయాడు. పెద్ద చదువు లేదు. 17 ఏళ్లకు భూములు కొలిచే సర్వేయరు ఉద్యోగం, ఆ తర్వాత సైన్యం. 1755లో ఒక యుద్ధంలో ఆయన ఎక్కిన రెండు గుర్రాలు కూలాయి, కోటుకి నాలుగు తూటాలు తగిలాయి, ఒంటికి ఒక్కటీ తగల్లేదు. తూటాలు వదిలేసినా పంటి నొప్పి వదల్లేదు. మరుసటి ఏడాది, 24 ఏళ్ల వయసులో, ఐదు షిల్లింగులిచ్చి మొదటి పన్ను పీకించుకున్నాడు. ఆయన ఖాతా పుస్తకంలో ఆ ఖర్చు రాసి ఉంది. బ్రష్షులు, పళ్ల పొడులు కొంటూనే ఉన్నాడు, పళ్లు ఊడుతూనే ఉన్నాయి.

1775లో బ్రిటిష్ వారితో పోరాటానికి సేనాధిపతి అయ్యాడు. 1781లో యుద్ధం మధ్యలో తన దంతవైద్యుడు జాన్ బేకర్‌కి ఉత్తరం రాశాడు. నోట్లో తీగలు బిగించుకోవడానికి చిన్న పటకారు, పళ్లు గీక్కునే పనిముట్లు పంపమని అడిగాడు. ఆ ఉత్తరం బ్రిటిష్ వారి చేతికి చిక్కింది! ఆ ఏడాది అక్టోబరులోనే యార్క్‌టౌన్ దగ్గర వాళ్లు లొంగిపోయారు.

1783లో జీతాలు రాక తిరుగుబాటుకి సిద్ధమైన అధికారుల ముందు ఒక ఉత్తరం చదవబోయి, ఆయన జేబులోంచి కళ్లజోడు తీశాడు. దేశసేవలో జుట్టు నెరిసింది, ఇప్పుడు చూపూ తగ్గుతోందన్న అర్థంలో ఓ మాటన్నాడు. అధికారుల కళ్లు చెమర్చాయి, తిరుగుబాటు ఆగిపోయింది. కళ్లజోడు అలా అందరి ముందూ తీసిన మనిషే పళ్ల సంగతి ఎప్పుడూ బయటపెట్టలేదు. చూపు తగ్గితే గౌరవం పోదు, బోసినోరు కనబడితే పోతుందనుకున్నాడేమో. మన ఇళ్లలో పెద్దవాళ్లూ అంతే కదా.

ఇక్కడ దాటేయకూడని విషయం ఒకటుంది. 1784 మేలో ఆయన ఎస్టేట్ ఖాతాలో తొమ్మిది పళ్లకి 6 పౌండ్ల 2 షిల్లింగులు చెల్లించినట్టు ఉంది. ఎవరికంటే, ఆయన బానిసలకి. ఫ్రెంచ్ దంతవైద్యుడు లె మేయర్ కోసం కొన్న పళ్లవి. అవి వాషింగ్టన్ నోటికే చేరాయని ఖాతాలో లేదు. కానీ డబ్బిచ్చినా, యజమాని అడిగితే కాదనే హక్కు బానిసకి ఎక్కడిది? ఒకరి చిరునవ్వు కోసం ఇంకొకరి నోరు బోసిపోయిన కాలం అది.

1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేటప్పటికి ఆయనకి మిగిలింది ఒకే ఒక్క సొంత పన్ను. జాన్ గ్రీన్‌వుడ్ అనే దంతవైద్యుడు నీటిగుర్రం దంతాన్ని చెక్కి, అందులో మనుషుల పళ్లు బిగించి సెట్టు చేశాడు. మిగిలిన ఆ పన్ను కోసం సెట్టులో కన్నం వదిలాడు. చెక్క పళ్లన్నది కట్టుకథ. మరకలు పడ్డ దంతం చెక్కలా కనబడి ఆ మాట పుట్టి ఉండాలి. మరో సెట్టు ఈనాటికీ ఆయన ఇల్లు మౌంట్ వెర్నన్‌లో ఉంది. దానికి సీసం దిమ్మ, మనుషుల పళ్లు, పశువుల పళ్లు.

ఇవి నోట్లో నిలిచేదెలా? పై సెట్టునీ కింది సెట్టునీ స్ప్రింగులతో కలిపేవారు. స్ప్రింగు రెండింటినీ దూరంగా నెడుతూ పైదాన్ని పైకి, కిందిదాన్ని కిందికి అదిమి పెడుతుంది. అంటే నోరు మూసుకోవాలంటే రోజంతా దవడ బిగించి ఉండాల్సిందే! నోట్ల మీద ఆ బిగింపు ఇక్కడిదే. 1796లో గిల్బర్ట్ స్టువర్ట్ వేసిన బొమ్మే డాలర్ మీదికి ఎక్కింది. గ్రీన్‌వుడ్ ఆ చివరి పన్ను పీకిందీ ఆ ఏడాదే. దాన్ని ఆయన గుర్తుగా దాచుకున్నాడు.

తర్వాతి ఉత్తరాల్లో వాషింగ్టన్ గోడు ఒకటే. పళ్లు పెదవుల్ని ముందుకి తోస్తున్నాయి, ఇంకొంచెం కూడా పెంచొద్దు అని. పోర్ట్ వైన్ తగిలి సెట్టు నల్లబడుతోందని, తాగేటప్పుడు తీసేయమని లేదా వెంటనే సుద్దతో తోమమని గ్రీన్‌వుడ్ సలహా. ఇక తిండి అంటారా, పొద్దున్నే వెన్న, తేనెలో మునిగిన మొక్కజొన్న పిండి రొట్టెలు. మెత్తటివి. 1797లో పదవి దిగి, 1799 డిసెంబర్ 14న గొంతు జబ్బుతో కన్నుమూశాడు. తన సొంత బానిసలు 123 మందికి భార్య తర్వాత స్వేచ్ఛనివ్వాలని వీలునామా రాశాడు. ఆమె వాళ్లని 1801 జనవరి 1నే విడిచిపెట్టింది.

ఆయన దంతవైద్యులు చేతకానివాళ్లు కారు. వాళ్ల చేతిలో ఉన్న వస్తువులే అంత. ఇప్పుడు అక్రిలిక్ ఉంది. చిగురు అచ్చు తీసి దానికి సరిగ్గా అతికేలా చేస్తే, పై సెట్టు స్ప్రింగు లేకుండానే లాలాజలం పట్టుతో అంటుకుని ఉంటుంది. అయినా అసలు సమస్య మారలేదు. పళ్లు కాస్త ఎత్తుగా పెడితే ముఖం నిండుగా కనిపిస్తుంది, కానీ మాట్లాడితే టకటక కొట్టుకుంటాయి, దవడ నొప్పెడుతుంది. తగ్గిస్తే బుగ్గలు లోపలికి పోతాయి. పైగా పన్ను పోయిన చోట ఎముక ఏటా అరిగిపోతుంది కాబట్టి నిరుడు సరిపోయింది ఈ ఏడు వదులవుతుంది.

అందుకే సెట్టు పూర్తిచేసే ముందు డాక్టరు మైనంలో పళ్లు అమర్చి నోట్లో పెట్టి చూస్తారు. మార్పులన్నీ సులువుగా చేయగలిగేది అప్పుడే. ఆ రోజు మీరు పక్కన ఉండండి, ఇండియాలో అయితే వీడియో కాల్‌లోనైనా సరే. అద్దంలో చూపించి బాగున్నాయా అని అడిగి ఊరుకోకండి. కాసేపు మాట్లాడించండి. ఫకారం, వకారం పలికితే పై పళ్ల అంచు కింది పెదవికి తగలాలి. సకారం ఈల వేసినట్టు రాకూడదు. రెండు వైపులా ఒకేసారి కరుస్తున్నాయో లేదో అడగండి. సెట్టు చేతికొచ్చాక ఎక్కడైనా పుండు పడితే ఓర్చుకోమనకండి, వెళ్లి అరగదీయించండి. మొదట్లో మెత్తటివే చిన్న ముక్కలుగా, రెండు వైపులా నమలమనండి. రాత్రి తీసి నీళ్లలో వేయడం మానకూడదు.

అత్తయ్యగారు ఊరు వెళ్లాక ఇంకో డాక్టరుకి చూపిస్తే, ఒక పక్క ఎత్తుగా ఉందని సరిచేశారట. ఇప్పుడు గిన్నెతో పని లేదట.

ఫోన్ చేసినప్పుడు మనం ఎలాగూ భోంచేశారా అని అడుగుతాం. పళ్లు కట్టించుకున్న పెద్దవాళ్లుంటే, ఏం తిన్నారో కూడా అడగండి. రోజూ మజ్జిగన్నమే అంటే, అది ఇష్టమో, పళ్లు తెచ్చిన కష్టమో కనుక్కోవాలి.