విహంగముల పద్దు వ్రాసిన సలీం అలీ

కార్తికమాసము ప్రవేశింపగనే ఉత్తరదేశముల నుండి క్రొత్త పక్షులు మన చెఱువులలోనికిని చేలలోనికిని వచ్చుట చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల పెద్దలెల్లరు ఎఱిగినదే. హిమాయత్ సాగరపు నీటిపై బాతులు బారులు తీరును. జొన్నచేలపై గులాబివన్నె గోరువంకలు మబ్బువలె వ్రాలును. పెరటి నూతిగట్టున తోక నాడించుచు బూడిదవన్నె పిట్ట తిరుగును. వేసవి ముదురునప్పటికి ఇవి మరలిపోవును. ఇవి ఎచ్చటి నుండి వచ్చినవి, ఎన్ని వచ్చినవి, మునుపటికంటె తగ్గినవా పెరిగినవా యని అడిగినచో చెప్పగలవారు అరుదు. ఇట్టి ప్రశ్నలకు ఊహతో గాక వ్రాతతో సమాధానము చెప్పవలెనని జీవితాంతము శ్రమించిన మహనీయుడు సలీం అలీ.

ఆయన 1896 నవంబరు 12వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. పసితనముననే తలిదండ్రులు గతింపగా మేనమామయైన అమీరుద్దీన్ త్యాబ్జీ ఆయనను పెంచెను. చిఱుతుపాకితో పిచ్చుకలను కొట్టుట ఆ బాలునకు వినోదము. ఒకనాడు కొట్టిన పిచ్చుక కంఠమున పసుపు మచ్చ కనబడెను. అది యే జాతిదో తెలియక మేనమామ అతనిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు దొర బాలుని గద్దింపక, పక్షి పేరు చెప్పి, సంఘమువారు భద్రపఱచిన పక్షుల నన్నిటిని చూపెను. ఆ దినముననే ఆయన జీవితమునకు త్రోవ యేర్పడెను. 1985లో వెలువడిన ఆయన ఆత్మకథకు ఆ పిచ్చుకను బట్టియే పేరు కలిగినది.

అంతకు పూర్వమే ఆయనకు వ్రాయు అలవాటు కలదు. గూటిలో పొదుగుచున్న ఆడుపిచ్చుకకు కాపున్న మగపిచ్చుకను కొట్టగా, కొంత సేపటికే మఱియొక మగపక్షి దాని స్థానమునకు వచ్చెను. ఇట్లు ఏడు దినములలో ఎనిమిది మగపక్షులను కొట్టి, జరిగినదానిని ఉన్నదున్నట్లు వ్రాసి యుంచెను. ఆ పని క్రూరమే. కాని ఆ వ్రాత అనేక సంవత్సరముల పిమ్మట అచ్చునకు ఎక్కదగిన శాస్త్రసమాచార మయ్యెను.

యౌవనమున బర్మాదేశమునకు వెళ్లి గనుల పనియు, కలప వ్యాపారమును చూచెను గాని అందు లాభము గడింపలేదు. 1918లో తెహ్మీనా బేగమును వివాహమాడెను. బొంబాయి వస్తుప్రదర్శనశాలలో ఉపన్యాసకుడుగా ఉండి, 1929లో సెలవు పెట్టి జర్మనీకేగి స్ట్రెసెమన్ పండితుని కడ పక్షిశాస్త్రము నభ్యసించెను. తిరిగి వచ్చునప్పటికి ధనాభావముచే ఆ యుద్యోగమే రద్దయి యుండెను. దంపతులు సముద్రతీరమందలి కిహీం గ్రామమున నివసించిరి. అచ్చట గిజిగాని గూళ్లను దినదినము పరిశీలించి, మగపక్షి గూడు సగము అల్లిన పిదప ఆడుపక్షి వచ్చి పరీక్షించి, నచ్చిననే అంగీకరించుననియు, అటుపై మగపక్షి మఱియొక గూటికి ఉపక్రమించుననియు ఆయన తెలిసికొనెను. ఉద్యోగము లేని కాలముననే ఈ కార్యము సిద్ధించుట గమనింపదగినది.

పిమ్మట ఆయన సంస్థానములలోని పక్షుల లెక్క తీయబూనెను. తనకు జీతము అక్కఱలేదు, ప్రయాణపు ఖర్చులు భరించిన చాలునని తెలిపెను. నిజాం ప్రభుత్వ మందుకు సమ్మతింపగా 1931–32లో హైదరాబాదు రాజ్యమున పక్షుల సర్వే జరిగెను. నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాదు మొదలగు తావులకు ఆయన ఏగెను. గుడారములలో తెహ్మీనా తోడుండెను. ఏ పక్షి, ఏ తావున, ఏ తేదీన, ఏమి తినుచు కనబడెనో పద్దువలె వ్రాసి, ఆ వివరములను 1933, 1934 సంవత్సరములలో సంఘపత్రికలో ప్రకటించెను. మన ప్రాంతమును అప్పుడు ఆ రాజ్యములోనిదే. 1908 నాటి మూసీ వఱదల పిమ్మట నిర్మింపబడిన ఉస్మాన్ సాగరమునకు అప్పటికి పండ్రెండేండ్లైనను నిండలేదు. హిమాయత్ సాగరము మఱియు క్రొత్తది.

1939లో భార్య మరణించుట ఆయనకు తీరని దుఃఖము కలిగించెను. అయినను పని మానలేదు. 1941లో సామాన్యులకై పక్షుల పుస్తకమును ప్రకటించెను. డిల్లన్ రిప్లీతో గూడి వ్రాసిన బృహద్గ్రంథము 1968 మొదలు 1974 వఱకు 10 సంపుటములుగా వెలువడెను. పక్షుల కాళ్లకు సంఖ్యలుగల చిన్న కడియములు తొడిగి విడుచు పనిని సంఘము పక్షాన ఆయన పెద్దయెత్తున సాగించెను. అట్టి కడియములు దూరదేశములలో దొరకుట చేతనే శీతకాలపు అతిథుల స్వస్థలములు తెలియవచ్చినవి. ప్రభుత్వము 1958లో పద్మభూషణ, 1976లో పద్మవిభూషణ బిరుదముల నొసగెను. 1987లో ఆయన దివంగతుడయ్యెను.

వ్రాతవలన ప్రయోజనమేమి యనువారికి కలివికోడి కథ చాలును. 1848 ప్రాంతమున జెర్డన్ దొర ఈ పక్షిని లోకమునకు తెలిపెను. 1900 పిమ్మట అది కనబడకపోవుటచే నశించినదని తలచిరి. 1986లో ఆ సంఘమువారే కడప జిల్లాలో దానిని మరల కనుగొనిరి. పూర్వుల వ్రాత లేకున్నచో దానిని వెదకవలెనని ఎవరికి తోచును? లెక్క లేని సొమ్ము పోయినను పోయినట్లు తెలియదు.

మన స్థితియు నట్టిదే. మొయినాబాదు, చేవెళ్లల మీదుగా బీజాపురమునకు పోవు బాటను వెడల్పు చేయబూనినప్పుడు అచ్చటి మఱ్ఱివృక్షముల వ్యవహారము హరిత న్యాయాధికరణము వఱకు వెళ్లినది. చెట్ల నైనను లెక్కింపవచ్చును. వాటిపై వ్రాలు పక్షుల లెక్క మన కడ ఏది? చేలు తోటగృహములుగా మాఱుచున్నవి. చిలుకూరి మృగవనిలో అడవి కొంత నిలిచినది గాని పెరళ్ల సంగతి మనమే చూచుకొనవలెను.

కావున ఈ రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయమున ఒక గట్టి అట్టపుస్తకము నుంచవలెనని నా మనవి. తేదీ, తావు, పక్షి, సంఖ్య, చూచినవారి పేరు: ఐదు గడులు చాలును. పేరు తెలియనిచో రూపమును వ్రాయవచ్చును. నేటివారికి తుపాకి అక్కఱలేదు. దుర్భిణియు లేకున్నను కన్నులున్నవి. స్వర్ణోత్సవము నాటి పాఠకులు ఆ పుస్తకము తెఱచి, ఈ యేటి కార్తికమున మన చెఱువుపై ఎన్ని బాతులుండెనో చదువగలుగుదురు గాక.