చక్రం తిప్పిన ఆకర్‌మాన్

కారు సస్పెన్షన్ కిందికి దించితే లుక్ అదిరిపోతుంది, నిజమే. కానీ పొట్టి స్ప్రింగులు వేయగానే టై రాడ్ల కోణం మారిపోతుంది. చక్రాలు నిటారుగా నిలబడకుండా పైభాగం లోపలికి వాలుతుంది. రెండు ముందు చక్రాలూ ఒకే దిక్కుకి చూడటం మానేస్తాయి. అలాగే తిరిగితే టైరు లోపలి అంచు తొందరగా అరిగిపోతుంది. అందుకే కారు దించినవాళ్లు వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించుకోవాలి. ముందు చక్రాలు ఏ కోణంలో తిరగాలి అనే చర్చ వచ్చిన ప్రతిచోటా ఒక పేరు వినిపిస్తుంది: ఆకర్‌మాన్. రోబోటిక్స్ సిమ్యులేటర్‌లో కారు మోడల్ పెట్టిన మన సీఎస్‌ఈ వాళ్లు కూడా ఈ పేరు చూసే ఉంటారు.

ఇంతకీ ఎవరీయన? రుడాల్ఫ్ ఆకర్‌మాన్ 1764లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో పుట్టాడు. కుటుంబ వృత్తి గుర్రపు జీన్లు కుట్టడం. అది నేర్చుకుని, గుర్రపు బగ్గీల డిజైన్‌లోకి వెళ్లి, పారిస్ మీదుగా లండన్ చేరాడు. 1795లో స్ట్రాండ్ వీధిలో బొమ్మల ప్రింట్లు అమ్మే షాపు తెరిచాడు. 1809లో మొదలుపెట్టిన ఆయన పత్రిక సుమారు ఇరవై ఏళ్లు నడిచింది. ట్రఫాల్గర్ యుద్ధంలో చనిపోయిన నెల్సన్ అంతిమయాత్ర రథం తయారీ పని కూడా ఆయనకే వచ్చింది. 1813లో లైప్‌జిగ్ యుద్ధం వల్ల రోడ్డున పడ్డ జర్మన్ కుటుంబాల కోసం లండన్‌లో చందాలు పోగుచేశాడు. అంటే బతికున్నప్పుడు ఆయనకి పేరొచ్చింది స్టీరింగ్ వల్ల కాదు, పుస్తకాలు, బొమ్మల వల్ల.

మరి స్టీరింగ్ ఎక్కడిది? అప్పటి బగ్గీల్లో ముందు ఇరుసు మొత్తం మధ్యలో ఒక మేకు మీద తిరిగేది. బాగా మలుపు తిప్పితే బండి పడిపోయే ప్రమాదం ఉండేది. మ్యూనిక్‌లో బగ్గీలు చేసే గేయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసుని కదలనివ్వకుండా, దాని రెండు చివర్లలో చక్రాలు మాత్రమే తిరిగేలా చేశాడు. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద వెళ్తాయి కదా. అందుకే లోపలి చక్రం ఇంకాస్త ఎక్కువ తిరగాలి. లేకపోతే టైరు దొర్లకుండా రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది.

లండన్‌లో ఆయన తరఫున ఏజెంటుగా 1818లో పేటెంట్ తీసుకున్నది ఆకర్‌మాన్. ఆ కాగితం మీద ఉన్న పేరే లోకానికి మిగిలింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1758 ప్రాంతంలోనే చార్లెస్ డార్విన్ తాతగారు, డాక్టర్ ఎరాస్మస్ డార్విన్, ఇలాంటి ఏర్పాటే తన బగ్గీకి చేసుకున్నాడు. కానీ పేటెంట్ తీసుకోలేదు.

గుర్రపు బగ్గీల కాలంలో ఈ పద్ధతి పెద్దగా పాకలేదు. ఆకర్‌మాన్ 1834లో చనిపోయాడు. కార్ల్ బెంజ్ 1893లో తన నాలుగు చక్రాల కారుకి ఈ రకం స్టీరింగ్ పెట్టేనాటికి ముగ్గురూ లేరు.

ఆకర్‌మాన్ దొంగ కాదు. ఏజెంటుగా తన పని తాను చేశాడు, అంతే. కానీ మన మినీ ప్రాజెక్టుల్లో చూడండి. రాత్రంతా కూర్చుని కోడ్ రాసేది ఒకరు, పీపీటీ మొదటి స్లైడ్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఇంకొకరు. ఎవరూ మోసం చేయకపోయినా పేరు అలా పక్కకి జరిగిపోతుంది. కింద ఇంకో లైను రాసి అసలువాళ్ల పేరు పెట్టడానికి అరనిమిషం చాలు. లాంకెన్‌స్పెర్గర్‌కి ఆ లైను దక్కలేదు. మీ టీమ్‌లో రాత్రంతా మేలుకున్నవాడికి ఈ సెమిస్టర్‌లోనైనా దక్కనివ్వండి.