జోసెఫ్ హెన్రీ - ఉపాధ్యాయుఁడు, పరిశోధకుఁడు

మీట నొక్కగానే మ్రోగు విద్యుద్ఘంటను మన విద్యార్థులందఱు నెఱుఁగుదురు. ఆ ఘంటలోని విద్యుదయస్కాంతమునకు మిక్కిలి బలము చేకూర్చినవాఁ డొక పాఠశాలోపాధ్యాయుఁడని యెఱిఁగినవారు కొందఱే. ఆయన అమెరికా దేశీయుఁడగు జోసెఫ్ హెన్రీ. ఆయన చరితమును మా విద్యార్థులకు సంగ్రహముగ నివేదింపఁ దలంచితిమి.

హెన్రీ 1797వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీని న్యూయార్కు రాష్ట్రమందలి ఆల్బనీ పట్టణమున నొక బీద కుటుంబమునఁ బుట్టెను. బాల్యముననే తండ్రి గతించెను. కొంతకాలము గడియారముల పనివాని యొద్ద పని నేర్చుకొనెను. పదునాఱవ యేట నొక శాస్త్రగ్రంథ మాయన చేతఁ బడెను. నాఁటినుండి ఆయన మనస్సు ప్రకృతిశాస్త్రమువైపు మరలెను. ఆల్బనీ అకాడమీలోఁ జదివి, 1826లో నచ్చటనే గణితమునకును భౌతికశాస్త్రమునకును ఉపాధ్యాయుఁడయ్యెను.

తీగలో విద్యుత్తు ప్రవహించునపుడు ప్రక్కనున్న దిక్సూచి ముల్లు కదలునని డెన్మార్కు పండితుఁడగు ఆయర్‌స్టెడ్ 1820లోఁ గనుఁగొనెను. తీగను చుట్టలుగాఁ జుట్టి నడుమ మెత్తని యినుము నుంచినచో, చుట్లన్నిటి బలము నొకటిగాఁ గూడి యా యినుము అయస్కాంతమగును; ప్రవాహమాఁగిన వెంటనే ఆ గుణమును చాలవఱకు విడుచును. ఇట్టి విద్యుదయస్కాంతమును 1825లో ఇంగ్లండు దేశమున విలియం స్టర్జన్ చూపెను. ఆయన యినుమునకు వార్నీషు పూసి, వట్టి తీగను ఎడమెడముగఁ జుట్టెను. చుట్లు తాఁకినచో ప్రవాహము అడ్డదారిని బోవును గనుక, పట్టిన చుట్లు కొన్నిమాత్రమే. హెన్రీ తీగకే పట్టును జుట్టించెను. అందువలన వందలకొలఁది చుట్లను పొరమీఁద పొరగా దగ్గఱగాఁ జుట్టుటకు వీలయ్యెను. 1831లో యేల్ కళాశాలకై ఆయన చేసిన అయస్కాంతము 2,000 పౌనులకు మించిన బరువును, అనఁగా సుమారు 900 కిలోలను, మోసెను. ఆ కాలముననే మైలునకు మించిన తీగ చివర నున్న ఘంటను విద్యుత్తుచే మ్రోగించెను.

అయినను బోధనకార్యము ఆయన కాలమునెల్లఁ దినివేయుచుండెను. పరిశోధనకు ముఖ్యముగా వేసవి సెలవులే దక్కెను. అయస్కాంతమునుండి విద్యుత్తును పుట్టింపవచ్చునని ఆయన యెఱిఁగియు, పని ముగించి ప్రకటించులోపలనే ఇంగ్లండులో మైకేల్ ఫెరడే ఆ సంగతిని వెల్లడించెను. కీర్తి ఫెరడేకు దక్కెను. హెన్రీ చింతిల్లెను గాని పని మానలేదు; 1832లోఁ దన ఫలితములను ప్రకటించుచు, తీగచుట్టలో ప్రవాహము మాఱునపుడు దానియందే విద్యుచ్ఛక్తి పుట్టునను స్వయంప్రేరణమును దెలిపెను. ఆ యేటనే ప్రిన్‌స్టన్ కళాశాలకు ఆచార్యుఁడయ్యెను.

తన కల్పనలకు ఆయన పేటెంటు పుచ్చుకొనలేదు. టెలిగ్రాఫునకై శ్రమించిన మోర్సునకు ఉచితముగ సలహాల నిచ్చెను. 1846లో స్మిత్‌సోనియన్ సంస్థకు ప్రథమ కార్యదర్శియై, టెలిగ్రాఫు మూలమున వాతావరణ సమాచారమును సేకరింపించెను. దైవభక్తి గల ఈ మహనీయుఁడు 1878 మే 13వ తేదీని పరమపదించెను. 1893లో శాస్త్రజ్ఞులు ప్రేరకత్వపు కొలమానమునకు హెన్రీ యని పేరిడిరి.

నేఁడు విద్యుదయస్కాంతము లేని చోటు అరుదు. మన యిండ్ల పంకాలు, ఇనుప తుక్కు నెత్తు క్రేనులు, ఆసుపత్రులలో శరీరము లోపలి చిత్రములను దీయు ఎం.ఆర్.ఐ. యంత్రములు, రైలు సంకేతముల రిలేలు దీనితోడనే నడచుచున్నవి. మన కాజీపేట విద్యుత్ లోకో షెడ్డునకు వచ్చు ఇంజనులను లాగు మోటారులును ఈ శక్తినే వాడుకొనుచున్నవి.

బాలబాలికలారా, ఒక యినుప మేకుకు ఎనామెల్ పూఁత గల తీగను జుట్టి, కొనలయందలి పూఁతను గీఁకి టార్చి బ్యాటరీకిఁ దగిలించి చూడుఁడు. గుండుసూదులు అంటుకొనును. తీగ వేడెక్కును గనుక కొలఁది క్షణములకే విడఁదీయుఁడు. పిమ్మట చుట్లు హెచ్చించి మరల చూడుఁడు. తీఱిక చాలదని పని మానని యా ఉపాధ్యాయుని శ్రమఫలము మీ చేతనే కాననగును.